కుండయొద్ద కేక వేసినవారు

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:38–41, 2 రాజులు 2:19–22, లేవీయకాండము 14:33–48



కోతకాలపు పండుగ వచ్చినదనిన మన నెల్లూరు తీరగ్రామములలో ఏమి జరుగునో మీకందరికి తెలియును. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, రొయ్యల బుట్టలు గుడిలోనికి వచ్చును. పాటలు, ప్రసంగము, కానుకల వేలము. అటుతరువాత పందిరిక్రింద ప్రేమవిందు. పొయ్యిమీద పెద్ద గుండిగ ఉడుకుచుండగా పిల్లలు దాని చుట్టు తిరుగుచుందురు. ఆ గుండిగను గూర్చియే ఈ నెల పాఠము.

మేము పరిచర్య చేసిన ఒక సంఘములో కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన సంగతితో ఆరంభింతుము. తప్పు మాది గనుక ఊరి పేరు విడిచి, తప్పును మాత్రము చెప్పుదుము.

పండుగనాడు పని తేలికయగునని తలంచి, పెద్దలమందరము కలిసి ముందునాటి సాయంకాలమే మాంసపు కూర వండించితిమి. గుండిగలకు మూతలు పెట్టి తెల్లవారువరకు పందిరిలోనే ఉంచితిమి. మరునాడు ఆరాధన ముగియగానే కొంచెము వెచ్చజేసి మధ్యాహ్నము ఒంటిగంటకు వడ్డించితిమి. సంఘములోని ఒక విధవరాలు ఆ ఉదయమే తన యింట చేపల పులుసు వండి కుండతో తెచ్చి పంక్తిలో పెట్టెను. రాత్రి పదిగంటలు దాటిన తరువాత ఇంటింట కడుపునొప్పి, విరేచనములు మొదలాయెను. ఒక వృద్ధునికి ఆసుపత్రిలో రెండు దినములు సెలైను ఎక్కించవలసి వచ్చెను.

అప్పుడు మేము చేసిన పనులు రెండు. మొదటిది, సంఘము పేరు పాడగునని భయపడి, మిగిలిన కూరను గొయ్యి తీయించి పూడ్పించి, గుండిగలు తోమించితిమి. రెండవది, "పులుసులోని చేప చెడినదై యుండును" అని యెవరో అనగా, మేము ఊరకుంటిమి. ఆ మాట మాకు అనుకూలముగా ఉండెను. తెల్లవారుసరికి ఆ విధవరాలు బోరింగునొద్దకు నీళ్లకు పోలేకపోయెను.

మరునాడు ఊరి నర్సమ్మ ఈ సంగతి విని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలియజేసెను. ఆరోగ్య పర్యవేక్షకుడు ఒకడు వచ్చి వేపచెట్టుక్రింద కూర్చుండి నోటుపుస్తకము తెరచెను. ఆయన కోపపడునని మేము అనుకొంటిమి. ఆయన అడిగినది ఇంతే: "అయ్యగారూ, ఎవరు వండిరని నేను అడుగుట లేదు. ఎవరు ఏమేమి తినిరి, ఎన్ని గంటలకు జబ్బుపడిరి, అది చెప్పించుడి. జబ్బుపడనివారినికూడ పిలువుడి."

జబ్బుపడనివారు ఎందుకని మేము ఆశ్చర్యపడితిమి. సాయంకాలమునకు అది బోధపడెను. మాంసము తినినవారిలో చాలమంది జబ్బుపడిరి. చేపల పులుసు మాత్రమే తినినవారిలో ఒక్కరును పడలేదు. తినిన యెనిమిది, పది గంటలకు కడుపునొప్పియు విరేచనములును వచ్చుట, వాంతులు అంతగా లేకపోవుట, ఇవి రాత్రి నిలువయున్న మాంసమునే చూపుచున్నవని ఆయన వివరించెను. పరీక్షకు పంపుటకు కూర కొంచెమైన ఉన్నదా అని అడిగినప్పుడు మేము తలవంచుకొంటిమి. "సాక్షిని పూడ్చిపెట్టితిరి, అయ్యగారూ," అని మాత్రము ఆయన అనెను.

తరువాతి ఆదివారము మేము సంఘమునెదుట నిలిచి ఒప్పుకొంటిమి. ఆ విధవరాలు ఏమియు అనలేదు. మరుసటి పండుగకు ఆమె మరల పులుసు తెచ్చెను. అందరికంటె ముందు మేమే తింటిమి.

1. గిల్గాలులోని కుండ

ఇప్పుడు ఎలీషా యొద్దకు పోదము. గిల్గాలులో కరవు కలిగియుండెను. ప్రవక్తల శిష్యులకొరకు పెద్ద కుండ పొయ్యిమీద పెట్టుమని ఎలీషా చెప్పెను. ఒకడు పొలములోనికి పోయి, గుణమెరుగని తీగెకాయలు ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. తినువారు రుచి చూచి, ఇందులో చావున్నదని కేకవేసిరి. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేసెను. ఆ మీదట హాని లేకపోయెను.

ఈ భాగములో మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది, కాయలు తెచ్చినవాడు శత్రువు కాడు. అతడు ఆకలిగొన్నవారికి మేలు చేయగోరినవాడు, ఎరుగక చేసెను. ఆహారములోని కీడు అంతయు దుర్మార్గులవలననే వచ్చునని తలంచరాదు. కరవు, తొందర, తెలియమి, ఇవికూడ విషమును కుండలోనికి తెచ్చును. 1995లో దక్కను పీఠభూమిలోని ఆంధ్ర, కర్ణాటక గ్రామములలో, కోతసమయపు వానలకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తినిన బీదకుటుంబములకు కడుపునొప్పి, విరేచనములు కలిగెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఊరూర తిరిగి విచారించి, ఆ బూజు పుట్టించిన ఫ్యుమోనిసిన్ అను విషమే కారణమని తేల్చిరి. వేరే గింజలు కొనలేక ఆ గింజలనే తినిన తల్లిని ఎవరు నిందింపగలరు?

రెండవది, తినువారు కేకవేసిరి. ప్రవక్తయెదుట సిగ్గుపడి మింగలేదు. విందు పాడగునని ఊరకుండలేదు. మేము చేయనిది వారు చేసిరి.

మూడవది, కాయలు తెచ్చినవానిని ఎవరును కొట్టినట్టు వ్రాయబడలేదు. వాని పేరుకూడ వ్రాయబడలేదు. ఎలీషా వానిని వెదకలేదు, కుండనుగూర్చి చింతించెను. కేక అధికారియొద్దకు పోవలెను. నింద బీదవారి గుమ్మమునకు పోరాదు. ఈ పాఠమునకు సారము ఇదియే.

2. యెరికో నీళ్లు, నెల్లూరు నీళ్లు

ఎలీషా దినములలోనే మరియొక ఊరివారు ఆయనయొద్దకు వచ్చిరి. తమ పట్టణము నివాసమునకు చక్కగా ఉన్నదిగాని నీళ్లు మంచివి కావని యెరికోవారు దాచక చెప్పిరి. ఆయన నీటి ఊటయొద్దకే పోయెను. కీడు ఎక్కడ పుట్టుచున్నదో అక్కడికి పోవుట మంచి అధికారి లక్షణము.

మన జిల్లాలో ఇట్టిది జరిగెను. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములలో, వెన్నెముక బిగిసి, కీళ్లు కదలక, నడుము వంగిపోయిన మనుష్యులను వైద్యులు పరిశీలించిరి. ఆ ప్రాంతములు 1970లో ప్రకాశము జిల్లాలో చేరినవి. మద్రాసునొద్ద గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్ట్ దొరగారు, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయరు గారలతో కలిసి, ఈ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని ఆ సంవత్సరమే ప్రకటించిరి. భారతదేశములో మనుష్యులకు ఎముకల ఫ్లోరోసిస్ కలుగుటనుగూర్చి మొదటి వివరములు ఇవియే.

ఆ బావినీళ్లు చూచుటకు తేటగానే ఉండును. రుచినిబట్టి ఫ్లోరైడును కనిపెట్టలేము. కాచినందున అది పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ నీటితోనే అన్నము వండుదుము, ఆ నీటితోనే పప్పు ఉడికింతుము. ఎంత మంచి గృహిణియైనను కంటితో చూచి ఆ కీడును తెలిసికొనలేదు. తెలిసికొనుటకు పరీక్ష కావలెను, పరీక్షించువారు కావలెను. మన యింటి శుభ్రత చాలునని, అధికారితో మనకేమి పనియని చెప్పువారికి ఆ బావులే జవాబు.

3. యాజకుడును అధికారియు

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడలకు పట్టిన పొడనుగూర్చి ఒక విధి కలదు. చాలమంది దానిని త్వరగా చదివి దాటిపోవుదురు. నిదానముగా చూడుడి. ఇంటి యజమానుడు తానే పోయి, నా యింట ఏదో పొడవంటిది కనబడుచున్నదని యాజకునికి తెలుపవలెను. యాజకుడు లోపలికి రాకమునుపే ఇల్లు ఖాళీచేయించును; సామానులన్నియు అపవిత్రములని యెంచబడి యజమానునికి నష్టము కలుగకుండునట్లు అది దయగల యేర్పాటు. అనుమానము కలిగినయెడల ఇల్లు ఏడు దినములు మూసి, మరల వచ్చి చూచును. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీయించును. వ్యాపింపనియెడల ఇల్లు పవిత్రమని ప్రకటించును. త్వరపడి దోషము మోపుట లేదు, త్వరపడి విడిచిపెట్టుటయు లేదు.

ఈనాటి అధికారుల పనియు ఈ క్రమములోనిదే. నెల్లూరు మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము పుట్టెను. దేశమంతటికి 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము చేయబడెను. ఫుడ్ ఇన్‌స్పెక్టరు అను పేరు పెద్దలు దానివలననే ఎరుగుదురు. దానికి బదులుగా 2006లో చేయబడిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టము 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడు ఆ పని చేయు ఉద్యోగిని ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు అందురు.

ఆయన దుకాణమునకు వచ్చి నూనెయో, కారమో, పాలో తీసికొనిన యెడల ఊరకనే తీసికొనిపోడు. దాని వెల చెల్లించును. పరీక్షకు తీసికొనుచున్నానని వ్రాసి యిచ్చును. ఆ పదార్థమును నాలుగు భాగములుచేసి ముద్రవేయును. ఒక భాగము ఫుడ్ ఎనలిస్టుకు పోవును. రెండు భాగములు పై అధికారియొద్ద భద్రముగా ఉండును. దుకాణదారుడు కోరినయెడల నాలుగవ భాగము గుర్తింపుపొందిన మరియొక ప్రయోగశాలకు పోవును. ఎనలిస్టు 14 దినములలో ఫలితము పంపవలెను. దానిమీద దుకాణదారునికి అప్పీలు హక్కు కలదు. కారణము లేకుండ పీడించిన అధికారికి జరిమానా కలదు. అబద్ధపు ఫిర్యాదు చేసినవానికిని కలదు. కొనినవాడు తానే రుసుము చెల్లించి, తాను కొనిన సరకును పరీక్ష చేయించుకొను హక్కుకూడ ఆ చట్టములోనే ఉన్నది.

కాబట్టి, సహోదరులారా, అధికారి వచ్చెనని వినగానే దుకాణము తలుపులు వేసికొను అలవాటు క్రైస్తవునికి తగదు. మంచి చేయువారికి అధికారులు భయంకరులు కారని పౌలు రోమా సంఘమునకు బోధించెను. అధికారులందరు నిర్దోషులని మేము చెప్పుట లేదు, లంచమడుగువాడు ఉండవచ్చును. అయినను ఒక యాజకుడు చెడినందున ధర్మశాస్త్రము చెడదు. లంచము ఇయ్యకుండుటయు, దాచకుండుటయు మన వంతు.

4. చేప, మంచు, మనస్సాక్షి

మన తీరమున చెప్పకుండ విడువరాని మాట చేపలనుగూర్చినది. పైన చెప్పిన చట్టమే, సముద్రముమీద తన పని చేసికొను జాలరికి తాను వర్తింపదని చెప్పుచున్నది. వ్యాపారమునకు వచ్చినప్పుడే సరకు చట్టముక్రిందికి వచ్చును. అనగా పడవలో నున్నంతసేపు జాలరికి ఇన్‌స్పెక్టరు అతని మనస్సాక్షియే.

సూర, కానాగంత మొదలైన చేపలు ఎండలో ఎక్కువసేపు ఉన్నయెడల వాటిలో హిస్టమిన్ అను పదార్థము పుట్టును. తినిన కొద్దిసేపటికే ముఖము ఎర్రబడి, తలనొప్పి, దద్దురులు, గుండెదడ కలుగును. ఒకసారి పుట్టినతరువాత ఎంత ఉడికించినను, వేపినను అది పోదు. కాబట్టి చేప పడినప్పటినుండియు మంచు ఉండవలెను. మంచు మంచినీటితో చేసినదై యుండవలెను.

మంచుకు బదులు ఫార్మలిన్ అను మందు చల్లి చేపను తాజాగా కనబరచుట ఘోరమైన మోసము. శవములను నిలువయుంచుటకు వాడు మందు అది. 2018 జూలైలో, ఆంధ్రనుండి వచ్చిన చేపలలో ఫార్మలిన్ కనబడినదని అస్సాము ప్రభుత్వము పది దినములపాటు మన చేపల దిగుమతిని ఆపివేసెను. మందు చల్లినవారు ఎందరో కాని, నష్టము న్యాయముగా చేపలు పెంచినవారికిని, పట్టినవారికినికూడ కలిగెను. ఆ సంవత్సరమే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు ఫార్మలినును, అమ్మోనియాను కొద్ది నిమిషములలో కనిపెట్టు కాగితపు పరీక్షను బయటికి తెచ్చిరి. రొయ్యలలో నిషేధింపబడిన మందులు మిగిలియున్నవా అని ఎగుమతికి ముందు పరీక్షింతురు. చెరువుగట్టున మనము రహస్యముగా పోసినది సముద్రము దాటినతరువాత బయటపడును.

తప్పుడు తూనికలతో, తాలుగింజలతో బీదలను మోసగించినవారిని ఆమోసు ప్రవక్త గద్దించెను. చెడిన చేపను తాజాదని అమ్మువాడు తక్కెడ సరిగా పట్టినను అదే కోవలోనివాడు.

5. సంఘముగా మనము చేయవలసినవి

మత సంబంధమైన కూడికలలో ఆహారము పంచువారినికూడ నిబంధనలు చిన్న ఆహార వ్యాపారులతో సమానముగా ఎంచి, నమోదు చేయించుకొనుమనుచున్నవి. విందు చేయు సంఘపెద్దలు ముందుగానే ఆ కార్యాలయమున అడిగి తెలిసికొనుట మంచిది. ఇదిగాక ఈ క్రింది సంగతులు ప్రతి పందిరిలోను పాటింపవలెను.

మాంసము, చేపలు, అన్నము విందుదినముననే వండవలెను. మేము చేసినట్లు గుండిగను రాత్రియంతయు ఉంచరాదు. కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఉడుకుటకు చావవు. గుండిగ మెల్లగా చల్లారుచుండగా అవి విస్తరించును. అన్నమునందును ఇట్టివి కలవు. వాటిలో ఒకటి పుట్టించు విషము మరల వేడిచేసినను పోదు.

వండిన ఆహారమును రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఉంచవలసివచ్చినయెడల 60 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిగా, అనగా ఆవిరి లేచునట్లు, నిప్పుమీదనే ఉంచవలెను.

పచ్చి మాంసము, చేప కోసిన కత్తిని, పీటను కడుగక వాటితో ఉల్లిపాయలు, దోసకాయలు తరుగరాదు.

చేతికి పుండున్నవారు, విరేచనములైనవారు ఆ దినమున వంటకు రాకూడదు. వారిని సిగ్గుపరచక, బల్లలు వేయుటకో, పాటలకో పంపవలెను.

చేతులు కడుగుకొనుటకు సబ్బు, త్రాగుటకు మంచినీళ్లు విందు లెక్కలో మొదటి ఖర్చుగా వ్రాయవలెను.

ఇంత చేసినను జబ్బు వచ్చెననుకొనుడి. అప్పుడు వెంటనే నర్సమ్మకు, ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రమునకు తెలుపుడి. 108కి ఫోను చేయుడి. పసిపిల్లలను, ముసలివారిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుడి. విరేచనములగుచున్నవారికి ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టించుడి. మిగిలిన ఆహారమును ఎవరును తినకుండ మూతపెట్టి దాచుడి, పారవేయవద్దు. ఎవరు ఏమి తినిరో, ఎన్ని గంటలకు జబ్బుపడిరో, ఆరోగ్యముగా ఉన్నవారితో సహా వ్రాసియుంచుడి. విచారణ ముగియువరకు ఏ యింటివారి పేరును నోట ఎత్తవద్దు.

ఈ చివరి మాట అన్నిటికంటె కష్టమైనది. గుండిగను తోముట సులభము. నాలుకను అదుపులో పెట్టుట సులభము కాదు. మా సంఘములో కడుపునొప్పి రెండు దినములలో తగ్గెను. ఆ విధవరాలికి మావలన కలిగిన నొప్పి తగ్గుటకు ఒక సంవత్సరము పట్టెను. వేపచెట్టుక్రింద నోటుపుస్తకముతో కూర్చున్న ఆ ఉద్యోగి రోగకారణమును కనిపెట్టుట మాత్రమేగాక, నిర్దోషురాలిని నిర్దోషురాలని తేల్చెను. ఆయన రాకుండినయెడల ఆమె నేటికిని దోషిగానే ఉండును. మేము నేటికిని పెద్దలుగానే ఉందుము.

తలంచుటకు ప్రశ్నలు

1. గిల్గాలులో తినువారు సిగ్గుపడి కేకవేయకుండినయెడల ఏమి జరుగును? మన సంఘములో ఏయే సంగతులు సిగ్గుచేత దాచుచున్నాము?

2. ఇంటి యజమానుడే ముందుగా యాజకునికి తెలుపవలెనని ధర్మశాస్త్రము ఎందుకు చెప్పుచున్నది?

3. మన ఊరి త్రాగునీరు చివరిసారి ఎప్పుడు పరీక్షింపబడినది? అడిగి తెలిసికొనుటకు ఎవరు పోవుదురు?

4. ఈ సంవత్సరపు ప్రేమవిందుకు వంట ఎప్పుడు మొదలుపెట్టవలెను? ఆ పనికి ఎంతమంది కావలెను?

ప్రార్థన

దయగల తండ్రీ, మా అనుదినాహారమునకై నీకు వందనములు. పొలములోను, పడవలోను, పొయ్యియొద్దను పనిచేయు చేతులను శుభ్రపరచుము. మా నీళ్లను, మా ధాన్యమును, మా అంగళ్లను పరీక్షించు ఉద్యోగులకు ఓపికయు, న్యాయబుద్ధియు దయచేయుము. మా తప్పును దాచుకొని బీదలమీద మోపిన మమ్మును క్షమించుము. కీడు కనబడినప్పుడు కేకవేయు ధైర్యమును, నింద విన్నప్పుడు ఊరకుండక అడ్డుపడు ప్రేమను మాకనుగ్రహించుము. ఆమేన్.